రేడియో బలరాం చెప్పిన స్కోరు

భిలాయి సెక్టార్ ఆరు మార్కెట్‌లో టీ కొట్టు దగ్గర బలరాం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించాడంటే తక్కినవాళ్లు నోరు మూసుకోవాల్సిందే. ఆటైనా పాటైనా వినేది అతను, చెప్పేది అతను. ఒక్క పరుగు అటూ ఇటూ అయ్యేది కాదు.

ఈ అలవాటు స్టీల్ ప్లాంట్‌లో పుట్టింది. రోలింగ్ మిల్లు హోరులో కిందివాళ్లకి రేడియో ఏం వినిపిస్తుంది? పైన క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్న బలరామే విని, వేళ్లతో స్కోరు చూపించేవాడు. బుధవారాల్లో హిందీ సినిమా పాటల పోటీ ప్రోగ్రాంలో ఆ వారం ఏ పాట ఎన్నో మెట్టు ఎక్కిందో టీ వేళకి దిగొచ్చి చెప్పేవాడు. రిటైరయ్యాక కూడా రేడియో ఓసారి ఇలా ఇవ్వమని ఎవరూ అడగలేదు. బలరాం ఉండగా రేడియోతో పనేముంది?

మిల్లు మనుషులు కదా, అందరివీ పెద్ద గొంతులే. పక్కవాణ్ణి పలకరిస్తే అవతలి వీధికి వినబడాలి. అందుచేత బలరాం చెవులు ఎప్పుడు మూతబడ్డాయో అతనికే తెలియలేదు.

మొన్న ఆదివారం ఇండియా ఆట. పొద్దుటినుంచీ బలరాం మహా హుషారుగా ఉన్నాడు. నాలుగు వికెట్లు పడ్డాయని దిగులుపడ్డాడు, ఎవరో కొత్తవాడు సిక్సర్ కొట్టాడని సంబరపడి టీ ఒలకబోసుకున్నాడు. కూరల కోసం వచ్చిన కూతురు హేమమాలిని అక్కడ ఆగి వింది. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల, మాటల్లో తెలుగు సగం, హిందీ సగం.

“ఏ మ్యాచ్ నాన్నా? బారిష్ కురిసి రద్దయిపోయింది కదా. టాస్ కూడా అవలేదు,” అని చెవి దగ్గర అరిచింది.

బలరాం నవ్వేసి, మిల్లులో తనతో పాతికేళ్లు పనిచేసిన హరినాథ్ వైపు తిరిగాడు. హరినాథ్ తల దించుకున్నాడు. మిగతావాళ్లు టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. బలరాం హరినాథ్ దగ్గరకి జరిగాడు.

“నీకు తెలుసేటి?”

“తెలుసు బావా. ఆ పాటల పోగ్రాం ఎత్తేసి ఎన్నాళ్లయినాదో. నువ్వింకా బుధవారం బుధవారం చెప్తనే ఉన్నావు.”

పుట్టి బుద్ధెరిగాక తప్పుడు స్కోరు చెప్పని మనిషి. వీళ్లు తనని అబద్ధాలకోరు అనుకున్నారా, పిచ్చివాడు అనుకున్నారా? అడిగే ధైర్యం చాలక కూతురి వెంట ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చాక హేమమాలిని రేడియో వెనక మూత ఊడదీసింది. సెల్సు కారిపోయి తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని గీకి తీసి బల్ల మీద పెట్టింది. అతని భార్య అచ్చమ్మ బిత్తరపోయింది. చెవికి ఆనించుకుంటాడు కాబట్టి సన్నగా మోగుతోందనుకుందట ఇన్నాళ్లూ.

బలరాం ఆ ఖాళీ రేడియోని మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. మరుక్షణం కుర్చీలో కూలబడ్డాడు. పాట వస్తోంది. తబలా దెబ్బ కూడా స్పష్టంగా తెలుస్తోంది.

“అచ్చమ్మా, ఇంకా పాడతందే,” అన్నాడు. జీవితంలో ఎప్పుడూ అంత భయపడలేదు.

అచ్చమ్మ బల్ల మీది సెల్సు చూసింది, మొగుడి మొహం చూసింది. చివరికి పక్కన చతికిలబడి, అతని చెవి దగ్గరకి నోరు చేర్చింది.

“ఏ పాటండీ? నాకూ చెప్పండి.”