జీపు రేకు మీద కొబ్బరినూనె

అరచేతిలో ఇమిడే కొబ్బరినూనె సీసా ఒకటి నన్ను ఇన్నేళ్లుగా వదలడం లేదు. మా ఆవిడకు చెప్పలేదు. షెడ్డులో నాతో పనిచేసినవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగొద్దు.

నాది టింకరింగ్ పని. బండ్లకు రేకు కట్టడం, సొట్టలు తీయడం. తొంభైల చివర్లో మదనపల్లెలో నేనూ, జయరాజు అనే పెయింటరూ ఒకే షెడ్డులో ఉండేవాళ్లం. మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో అతని ఇల్లు. నాకన్నా బాగా చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. అతను స్ప్రే గన్ను పట్టి నలుపు కొట్టాడంటే ఆ రేకులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అతనికి ఉన్న షోకల్లా జుట్టే. షెడ్డు గోడకు ఒక అద్దం, దువ్వెన, మేకుకు వేలాడదీసిన కొబ్బరినూనె సీసా. పూటకోసారి రాసేవాడు. నీ తలలో వడియాలు వేయించుకోవచ్చని మేమంతా ఆటపట్టించేవాళ్లం. నవ్వేవాడు.

పుంగనూరులో చింతపండు మండీ నడిపే నంజుండప్ప ఒక పాత జీపు తెచ్చాడు. ఇంజను, ఛాసిస్ ఉంచి, పైన బాడీ మొత్తం తను చెప్పిన తీరులో కొత్తగా కట్టాలి. జాతరకు ఆ బండిలో ఊళ్లో తిరగాలని ఆయన ముచ్చట. అలాంటి పని నాకు అంతకుముందు రాలేదు. అన్ని రేకులూ చేత్తోనే వంచాను. ఎడమవైపు పెద్దరేకు దగ్గర మాత్రం తొందరపడ్డాను. గ్యాస్ వెల్డింగ్ ఒకేచోట ఎక్కువసేపు పెట్టేశాను, ఆ వేడికి రేకు అలలు తేలింది. కంటికి కనపడదు. అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది.

రంగు నలుపని ముందే అనుకున్నాం. మెరిసే నలుపా, మెరుపు లేని మ్యాటా అన్నదే తేలాలి. నంజుండప్ప మెరుపే కావాలన్నాడు. జయరాజు మొహం వెలిగిపోయింది. నేను మ్యాట్ అన్నాను. మెరిసే నలుపు కింద రేకులో ఏ తప్పూ దాగదు, ఎదురుగా ఉన్న ట్యూబులైటు కూడా అందులో వంకర్లు తిరిగి కనిపిస్తుంది. మ్యాట్ అన్నిటినీ కప్పేస్తుంది. ఆ సంగతి చెప్పకుండా దుమ్మనీ, గీతలనీ, ఎండకు వెలుస్తుందనీ ఏవేవో చెప్పాను.

అప్పుడు జయరాజు రేకంతా చేత్తో తడుముకుంటూ వచ్చి ఎడమవైపు ఆగాడు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఈడ కొంచెం అల ఉండాదన్నా. రెండ్రోజులు పుట్టీ పట్టించి నేను సదును సేస్తా. ఎవురికీ తెలీదులే."

అతను గుట్టుగా అన్నదానికి నేను నంజుండప్పకు వినపడేలా జవాబిచ్చాను. నా రేకుకు పుట్టీ అక్కర్లేదన్నాను. ఎందుకన్నాను? నా తప్పు కప్పిపెట్టడానికి వచ్చిన మనిషిని నలుగురిలో తక్కువ చేయాలని ఎందుకనిపించింది? పొగరు. అంతకన్నా మంచి మాట వెతికితే మళ్లీ అబద్ధమే అవుతుంది. అంత నమ్మకంగా చెబుతున్నావు కాబట్టి మెరుపే కొట్టండని నంజుండప్ప వెళ్లిపోయాడు. నా నోటితో నేనే ఇరుక్కున్నాను.

రంగు కొట్టే రోజు జయరాజు రేకంతా జిడ్డు లేకుండా థిన్నర్‌తో తుడిచి, దుమ్ము లేవకుండా నేల తడిపి, భోజనానికి ఇంటికి వెళ్లాడు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. మేకుకు ఉన్న సీసాలోంచి నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసుకుని ఎడమవైపు రేకంతా తుడిచాను. నూనె తగిలినచోట రంగు నిలవదు, చేపకళ్లలా గుంటలు పడతాయి. మెరుపు చెడితే మ్యాటే గతి అవుతుందని నా లెక్క. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయమే. అతని మీదకు నింద నెట్టాలని అప్పుడు అనుకోలేదు, ఆ సీసా చేతికి అందింది, అంతే. ఇలా చెబుతుంటే నా తరఫున నేనే వాదిస్తున్నట్టుంది కదా? నిజమే, వాదిస్తున్నాను.

మొదటిసారి గుంటలు పడగానే, గన్నులోకి గాలితోపాటు నూనె వస్తోందేమోనని జయరాజు కంప్రెసర్‌ను అనుమానించాడు. రంగంతా రుద్ది తీసేసి, కంప్రెసర్ విప్పి శుభ్రం చేసి మళ్లీ కొట్టాడు. అతను కంప్రెసర్ దగ్గర ఉండగా నేను మళ్లీ నూనెగుడ్డతో తుడిచాను. మొదటిది భయంతో చేశాననుకుందాం, రెండోదానికి ఏం చెప్పను? రెండోసారీ గుంటలు పడ్డాక అతను వంగి ఒక్కో గుంటనూ దగ్గరగా చూశాడు. తర్వాత చెయ్యి మెల్లగా తలమీదకు వెళ్లింది. వేళ్లు కిందికి దించి చూసుకున్నాడు. జిడ్డు.

తన తలనూనే బండిని చెడగొట్టిందని నంజుండప్పకు అతనే చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, నోరు తెరవలేదు. జాతర దగ్గరపడింది, ఇక మ్యాటే కానివ్వమన్నాడు ఆయన. ఈసారి రేకును థిన్నర్‌తో నేనే తుడిచాను. చాలా శుభ్రంగా తుడిచాను. ఒక్క గుంట కూడా పడలేదు.

జీపు బాగుందని పుంగనూరంతా అన్నారట. మ్యాట్ నా ఆలోచనే అని నంజుండప్ప అందరికీ చెప్పాడు. నాకు పనులు పెరిగాయి. నూనెతల పెయింటర్ అని జయరాజుకు పేరు పడింది. కొన్నాళ్లకు అత్తగారి ఊరు కుప్పానికి వెళ్లిపోయాడు.

ఆరేడేళ్ల తర్వాత ఒక లారీ పని చూడటానికి కుప్పం వెళ్లాను. గుడుపల్లె రోడ్డులో ఒక కొట్టు ముందు ఇనుప గేటుకు బ్రష్షుతో రంగు వేస్తూ కనిపించాడు. జుట్టు ఎండిపోయి, ఎర్రబడి ఉంది. నన్ను చూసి పరుగున వచ్చాడు. టీ తెప్పించాడు. స్ప్రే పని మానేశావా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"గన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతాందన్నా. ఆ జీపు తరవాత తలకి నూనె ఎయ్యలేదు. అయినా నమ్మకం రాలేదు. నువ్వు మాత్రం ఆ పొద్దు నన్ను ఒక్క మాట అన్లేదు. ఇంకొకరైతే తిట్టి తరిమేసేటోళ్లు."

నేను టీ తాగాను. గ్లాసు అక్కడ పెట్టి, బస్సుకు వేళయిందని లేచాను. బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది.

తర్వాత నిజం చెప్పేద్దామని కుప్పానికి రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ పుంగనూరులో దిగి తిరిగొచ్చాను. అతనికి ఇప్పుడు చెబితే ఏమొస్తుంది, గన్ను పట్టే వయసు దాటిపోయింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కానీ అతను ఈ పొద్దు కూడా అద్దంలో చూసుకుని తన తలనే తిట్టుకుంటూ ఉంటాడు. అది తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, మిమ్మల్నీ అడగను. ఇది రాశాక ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది, అంతవరకే. అతని ముందు అనలేని మాట ఇక్కడ అనేస్తాను.

జయరాజూ, ఆ నూనె నీ తలలోంచి కారింది కాదు. సీసా నీదే. తుడిచిన చెయ్యి నాది.