పద్మనాభయ్య పొగ కాపలా

పద్మనాభయ్యకు దొంగలంటే భయం. పాములకు భయపడేవాళ్లూ, పెళ్లాలకు భయపడేవాళ్లూ ఆ కాలపు జువ్వలదిన్నెలో చాలామందే ఉండేవారు గానీ, ఎన్నడూ రాని దొంగకు ఇంతగా భయపడిన మనిషి ఆయన ఒక్కడే. పక్కనున్న బావి దగ్గరికి పోవాలన్నా తలుపుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి లాగేవాడు. ఒకసారి అలా లాగి లాగి గొళ్లెమే ఊడబెరికి, "చూసినారా, దొంగకు ఎంత సులువో," అని వీధంతా పిలిచి చూపించాడు.

పోనీ ఇంట్లో ఏముంది? నులక మంచం, ఇత్తడి బిందె, బియ్యం పప్పుల కుండలు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి నగల ఊసే లేదు. దారి తప్పి ఏ దొంగైనా వస్తే జాలిపడి తన చేతిలోదే ఏదో పెట్టి పోవాలి.

ఇంతటి భయస్థుడు ఇల్లు కదలకుండా కూర్చోవాలి కదా. కూర్చోడు. ఏటా వానలు పట్టి, సముద్రం రేగి, తెప్పలు ఒడ్డున పడుండే రోజుల్లోనే ఆయనకు ప్రయాణం ముంచుకొచ్చేది. సూళ్లూరుపేటలో అక్క ఉందట. ఆమెకు సరిగ్గా వానాకాలంలోనే మోకాళ్లు పట్టేస్తాయట. పోయే ముందు మస్తానమ్మకు కబురు పెట్టేవాడు.

మస్తానమ్మ నాలుగిళ్ల అవతల పాకలో ఉండేది. మొగుడు సముద్రంలో పోయాడు. అత్త కామమ్మనూ ఇద్దరు ఆడపిల్లలనూ చేపలగంప మీద సాకుతోంది. తెప్పలు కదలకపోతే గంపలోకి చేప రాదు, పొయ్యి మీదికి కుండ ఎక్కదు. అయినా ఒకరి గడప ముందు చెయ్యి చాచింది లేదు. పక్కింటివాళ్లు ఊరికే ఇచ్చిన చింతపండు కూడా తిప్పి పంపిన మనిషి.

"మే మస్తానమ్మా, ఇల్లు నీకు అప్పజెప్తా ఉండా. ఇది కాపలా పని, అల్లాటప్పాగా చేసేది గాదు," అనేవాడు పద్మనాభయ్య.

"తాళమేసి పోతే చాలదా అయ్యా?"

"తాళం చూస్తే దొంగకు ఏం తెలుస్తాది? ఇంట్లో ఎవురూ లేరని తెలుస్తాది. వాడు చూసేది పొగ. పొద్దునా మాపటా కప్పులోంచి పొగ రావాల. ఉత్త పొగైతే వాడు నమ్మడు, అన్నం ఉడికే వాసన రావాల. పప్పుకు నేతితో తిరగమాత పెట్టు. వీధి చివరిదాకా పోవాల."

"వండింది ఏం చెయ్యాల?"

"పారబోస్తే కాకులు మూగుతాయి. కాకులు మూగితే వాడికి అనుమానం. మీరే తినండి. తినేసి పిల్లలు కొట్లాడుకోవాల. మీ అత్త వసారాలో కూచోని దగ్గాల."

"ఆమెకు దగ్గు లేదయ్యా."

"నేర్పించు."

కామమ్మ శ్రద్ధగా నేర్చుకుంది. వారం తిరక్కుండానే ఆ దగ్గు విని పక్కవీధి ఆచారి అడక్కుండా కషాయం పట్టుకొచ్చాడు.

తిరిగొచ్చాక తనిఖీ ఉండేది. పద్మనాభయ్య బిందె వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. నేరుగా బియ్యం కుండలో చెయ్యి పెట్టేవాడు. పొదుపుగా వండి సగం మిగిల్చిన మస్తానమ్మ, మెచ్చుకుంటాడని పక్కనే నిలబడేది.

"ఇదేంది, ఇన్ని మిగిలినాయి?"

"జాగ్రత్తగా వాడినానయ్యా."

"జాగ్రత్తా? నా కొంప దొంగలపాలు చెయ్యాలనుకున్నావా? అన్నం తక్కువైతే పొగా తక్కువే గదా. నా కంటికి కనపడకుండా ఈ బియ్యం ఎత్తుకుపో."

తిట్లు తిని, బియ్యం ఒళ్లో పోసుకుని, మొహం గంటు పెట్టుకుని ఆమె ఇంటికి పోయేది. ఆయనకు పిచ్చి అని మస్తానమ్మకు గట్టి నమ్మకం. పిచ్చివాడి ఇల్లు కాసినా కూలిపని కూలిపనే కాబట్టి, తిన్న అన్నం ఆమెకు సుఖంగా అరిగేది.

ఒక ఏడు వానల్లో కామమ్మకు నిజంగానే దగ్గు పట్టుకుంది. మందు కోసం మస్తానమ్మ బిట్రగుంట పోయింది. వాన జోరెక్కితే స్టేషన్లో గంగాధరం టీ అంగడి తడిక పక్కన తలదాచుకుంది. తడిక అవతల తెలిసిన గొంతు వినిపించింది. సూళ్లూరుపేటలో అక్క మోకాళ్లకు నూనె రాస్తూ ఉండాల్సిన పద్మనాభయ్య, బల్ల మీద మునగదీసుకుని కూర్చుని చల్లారిన బోండా నములుతున్నాడు.

"ఎన్నేళ్లయ్యా ఈ బల్ల మీద మకాం?" అంటున్నాడు గంగాధరం. "అక్కా లేదు, చెల్లెలూ లేదు. ఇంటికి పోరాదా?"

"సముద్రం ఇంకా నెమ్మదించలా. ఇప్పుడు పోతే ఆ మస్తానమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టేసి పోతాది. ఊరికే ఇస్తే పుచ్చుకునే రకం గాదబ్బా. నేను ఇంట లేకపోతేనే ఆ నలుగురి కడుపులోకి ఇంత అన్నం పోయేది."

"మరి దొంగల భయమో?"

"అది నిజమే. ఉత్త అబద్ధమైతే ఆమె కనిపెట్టేయదూ?"

మస్తానమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ తాను తిన్నది కూలి కూడు కాదు, దానం. పోగానే ఆ పొయ్యిలో నీళ్లు పోసి, తాళంచెవి గడపలో పారేసి రావాలనుకుంటూ వానలోనే నడిచింది. సగం దారిలో ఆ బోండా గుర్తొచ్చింది. సొంతింట్లో నేతి తిరగమాత ఘుమఘుమలాడుతుంటే ఆ మనిషి వానజల్లులో చల్లారిన బోండా తింటున్నాడు. మొదట ఏడుపొచ్చింది. ఇంకాస్త దూరం పోయాక నవ్వొచ్చింది. ఆ సాయంత్రం పద్మనాభయ్య ఇంట్లో పొయ్యి వెలిగించింది.

సముద్రం నెమ్మదించాక ఆయన వచ్చి కుండలో చెయ్యి పెట్టాడు. వేళ్లకు అడుగు తగిలింది. మొహం విచ్చుకుంది.

"ఇదీ కాపలా అంటే."

"ఏం కాపలాలేయ్యా, దొంగ ఉండనే ఉండాడు," అంది మస్తానమ్మ.

పద్మనాభయ్య మంచం మీద కూలబడ్డాడు. "ఎట్టా ఉంటాడు?"

"బట్టతల. వానాకాలమంతా బిట్రగుంట టేషన్లో బల్ల మీద పండుకుంటాడు. ఎదుటోళ్ల కష్టాన్ని వాళ్లకు తెలీకుండా ఎత్తుకుపోతాడు."

పద్మనాభయ్య తల తడుముకున్నాడు. నేల చూస్తూ, "పట్టుబడినాడా?" అన్నాడు.

"పట్టుబడినాడు. అందుకని ఇంక మీరు ఇల్లు కదిలేదానికి లేదు. వానల్లో ఈ పొయ్యి మీదే వండతా. మీరూ మాతో కూచోని తినాల. మొగమనిషి గొంతు ఇనపడకపోతే దొంగలు లెక్కజెయ్యరు."

మరుసటి ఏడు వానలు మొదలైన రోజు, ఇద్దరు ఆడపిల్లల మధ్య పద్మనాభయ్య కంచం ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. పదిమందితో కలిసి తిని ఎరగడు, ఏం మాట్లాడాలో తోచలేదు. రెండు ముద్దలు మింగి, "అన్నం బాగుండాది," అని గొణిగాడు.

"ఇంకొంచెం గట్టిగా అనయ్యా," అంది కామమ్మ.

ఈసారి వాన చప్పుడును మించి అరిచాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.