మహానంది నీళ్లు, బావ ప్యాంటు

ఆ రోజుల్లో ఆళ్లగడ్డ భజన మందిరంలో ప్రతి శనివారం పాట ఎత్తుకునేది నేనే. దేవుడు అన్నీ చూస్తుంటాడని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఉంది. కాకపోతే ఆ వయసులో, ఆయనతోపాటు జనం కూడా నన్ను చూస్తే బాగుంటుందని కొంచెం ఆశ ఉండేది. మా భజన బృందం ఆదోని కోట ఎక్కిన నాడు ఆ ఆశ పూర్తిగా తీరిపోయేదే.

నాయనకు మర్నాడు నంద్యాల ఆసుపత్రిలో కంటి ఆపరేషన్. చూపు నిలవాలని మా అవ్వ ఒక మొక్కు మొక్కింది. మహానంది కోనేటి నీళ్లు మనవడు ఆదోని కోట కొండమీదికి మోసుకుపోయి ఆంజనేయస్వామికి అభిషేకం చేయించాలి. మొదటి మెట్టు దగ్గర రాగి చెంబు ఎత్తుకున్నాక కింద పెట్టకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, రెండు చేతుల్లో ఒక్కటీ తియ్యకూడదు. (ఈ చివరి షరతు బస్సులో కలిపింది.) పంచె కట్టుకోమని కూడా చెప్పింది. నేను మాత్రం మా బావ కొత్త ప్యాంటు అడిగి తెచ్చుకొని, చొక్కా లోపలికి దోపి, బెల్టును చివరి రంధ్రానికి బిగించాను. బావ నాకు రెండింతలుంటాడు.

సగం కొండ ఎక్కాక జైనుల గుడి వచ్చింది. తోలు వస్తువులు బయట పెట్టి రమ్మన్నారు. నా చేతులు ఖాళీ లేవు కదా, భజన పెద్ద అయిన మా మామ "నేను తీస్తాలే అల్లుడా" అని బెల్టు ఊడదీసి చెప్పుల పక్కన పెట్టాడు. ఊపిరి బిగబట్టి, పొట్ట ఉబ్బించి లోపలికి నడిచాను. రాతిలో చెక్కిన తీర్థంకరుడు ఒంటిమీద నూలుపోగు లేకుండా ఎంత నిశ్చింతగా నిలబడి ఉన్నాడో. ఒక్క ప్యాంటు కోసం నాకు చెమటలు పట్టాయి.

బయటికొచ్చేసరికి బెల్టు ఒక కోతి చేతిలో ఉంది. ఆంజనేయుడి కొండమీద కోతిని అదిలించే ధైర్యం మాలో ఎవరికీ లేదు. అది రెండుసార్లు కొరికి చూసి, రుచి నచ్చక, కోటగోడ అవతలికి విసిరేసింది.

"పోనీలే, స్వామి తీసుకున్న్యాడు" అని మామ ఫోన్ నావైపు తిప్పాడు. "పాట ఎత్తుకో అల్లుడా, వీడియో తీస్తాండా. ఆసుపత్రిలో మీ నాయన ఇనాల."

పాడితే ఊపిరి వదలాలి. ఊపిరి వదిలితే ప్యాంటు ఆగదు. దాన్ని పట్టుకుందామంటే చెంబు, చెంబులో నాయన కళ్లు. పల్లవి పూర్తయ్యేలోపే ప్యాంటు తుంటిమీదికి దిగింది. నా పక్కనే ఎక్కుతున్న అవ్వ దగ్గరికి జరిగింది.

"ఏందిరా, గొంతు వణుకుతాంది?"

"అవ్వా, ప్యాంటు జారతాంది."

"చెంబు దించితే సంపుతా."

"దించలేదవ్వా."

"పంచె కట్టుకోరా అంటే ఇంటివా. నడు, నేనుండా."

వెనకనుంచి నా నడుము దగ్గరి గుడ్డను గుప్పిట పట్టి పైకి లాగింది. విరిగిన కోట వాకిలి దగ్గర మెట్లు మరీ నిటారు. అక్కడ అవ్వ కాలు జారింది. ఆమె బరువంతా ఆ గుప్పిట మీదే వేలాడింది. చెంబు వంగి, నీళ్లు అంచుదాకా వచ్చి ఆగాయి. నా పాట కూడా ఆగింది. అవ్వ నిలదొక్కుకుంది గానీ పిడికిలి సడలించలేదు.

వెనక ఎవరో అన్నారు. "ముసలామెను ఎట్ల ఎక్కిస్తాండాడో సూడండప్పా. మనవడంటే అట్లుండాల."

"అవునప్పా, ఈడు లేకుంటే యాడ ఎక్కేదాన్ని" అంది అవ్వ, నవ్వకుండా.

అభిషేకం జరిగింది. నాయన కంటికి కట్టు విప్పిన రోజు ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పంచె కట్టినావే" అన్నాడు. (అవ్వ ముందే చెప్పేసింది.)

ఇప్పుడు నా పొట్టకు ఏ ప్యాంటూ జారదు. అవ్వ లేదు. ఏటా ఆ నీళ్లు నేనే మోస్తాను, పంచెలోనే. విరిగిన వాకిలి దగ్గర మాత్రం ఒక్క నిమిషం నిలబడతాను, వెనక గుప్పిట బిగుస్తుందేమోనని. నాకు ఆయాసమనుకొని మా బృందం కుర్రాళ్లు పాట అందుకుంటారు.