పచ్చపూల జాగా

మా వైపు ఆ పువ్వుకు స్థిరమైన పేరు లేదు. సూర్యాపేట నుంచి మోతె పోయే దారిలో అడిగితే పచ్చపువ్వంటారు. మిర్యాలగూడ దిక్కు కాలువ గట్ల మీద మేకలు కాసేవాళ్లు అడవి చామంతి అంటారు. కోదాడలో ఉండే మా చిన్నమ్మయితే "అదేదో పిచ్చిపువ్వులే" అని తేల్చేస్తుంది. మోకాలెత్తు మొక్క, సన్నటి కాడ, ఒంటి వరసలో ఎనిమిది పసుపు రేకులు, మధ్యలో ముదురు రంగు బొట్టు. వానలు పడగానే లేస్తుంది, దసరా నాటికి విరగబూస్తుంది, చలి ముదిరేసరికి ఎండి గింజ రాలుస్తుంది. కోసిన గంటకే వాడిపోతుందని బతుకమ్మ పేర్చేవాళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోరు.

నేను వ్యవసాయ శాఖలో పనిచేస్తాను. పాలకీడు, పెన్‌పహాడ్ తిరిగి ఇప్పుడు మిర్యాలగూడకు వచ్చాను. కాపురం మాత్రం సూర్యాపేటలోనే. మా లెక్కలో మొక్కలు రెండే రకాలు, పంట, కలుపు. రైతులతో వాదించి వాదించి నాకు నోరు పెద్దదైంది. ఆ నోరు ఇంటికొచ్చాక కూడా మూతపడదు. అమ్మతో ఈ పువ్వు మీద ఏటా ఒక పంచాయితీ ఉండేది.

మా సొంతూరు మోతె దగ్గర. ఊరి చివర మావాళ్ల సమాధుల తోట. అందులో నాయనమ్మ సమాధి, అటు పక్కగా నాన్న సమాధి, రెండింటి నడుమ బారెడు ఖాళీ జాగా. నాన్నను పెట్టేటప్పుడు ఆ జాగా వదలమని చెప్పింది అమ్మే. తనకోసం దాచుకుంటోందనుకున్నాను. ఆ జాగా నిండా ఏటా పచ్చపూలే. వాటంతటవి వచ్చినవి కావు. చలికాలంలో అమ్మ ఎండిన పూలు కొంగులో తెంపుకుని, అరచేతుల్లో నలిపి, గింజలు పాత మందుసీసాలో దాచేది. మిర్గం కార్తె వచ్చి తొలివాన పడగానే నన్ను బండి తీయమని సతాయించి మరీ పోయి చల్లి వచ్చేది.

"పానం బాగున్నన్నాళ్లు మంది చేన్లల్ల కలుపు తీస్తివి. గీడికొచ్చి కలుపు నాటుతున్నవా అమ్మా?" అనేదాన్ని.

"ఉండనియ్ బిడ్డా. నీ అన్నమేమన్న తింటున్నదా అది?" అని నవ్వేది.

ఆ పూల కింద నా తమ్ముడున్నాడు. నాకు నాలుగేళ్లప్పుడు పుట్టి పందొమ్మిది రోజులు బతికాడు. జ్ఞానస్నానం కాకముందే పోయాడు కనుక పేరు లేదు. పేరు లేనివాడి సిలువ మీద ఏం రాయాలో ఎవరికీ తోచక సిలువే పెట్టలేదు. అమ్మానాన్నలు కూలికి పోయే రోజులు, సమాధి కట్టించే ఊసే లేదు. జానెడు మట్టి దిబ్బ మిగిలింది. అది కూడా వానలకు కరిగిపోతే బిడ్డ జాడ తెలియదని, కాలువ గట్టు మీది గింజలు తెచ్చి చల్లింది అమ్మ. నా పదో ఏట ఒకసారి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, "గీడ నీ తమ్ముడున్నడు" అని చూపించింది కూడా. నేను విన్నాను. విని మరిచిపోయాను. రాయడానికి సిగ్గేస్తోంది గానీ, దీనికి ఇంతకన్నా మెత్తటి మాట లేదు.

సమాధుల పండుగ నవంబరు మొదట్లో వస్తుంది. ముందు వారమంతా మావాళ్లు గడ్డి చెక్కి సమాధులకు సున్నం వేస్తారు. పండుగనాడు పొద్దు వాలేవేళకు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరి సమాధి ఎంత తెల్లగా ఉందో ఓరకంట చూసుకోవడం కూడా ఆ భక్తిలో భాగమే. నాన్న పోయిన మరుసటేడు ఆ ఓరచూపులకు దిమ్మ తిరిగేలా చేయాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మకు కంటి ఆపరేషనై, కోదాడ దవాఖానకు దగ్గరని చిన్నమ్మ ఇంట్లో నెల రోజులుంది. వచ్చేసరికి చేయించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నా బుద్ధికి అంతే అందింది.

ఊర్లో మేస్త్రీని మాట్లాడాను. నాయనమ్మ సమాధికీ నాన్న సమాధికీ నల్లరాయి పలకలు, చుట్టూ ఒకటే అరుగు, నడుమ జాగాలో ఎర్ర మొరం మట్టి. ముందుగా గడ్డిమందు కొట్టించాను. చేను గట్ల మీద ఏ మందు ఎంత కలపాలో రోజూ చెప్పేదాన్ని, ఇక్కడ పొరపాటు పడతానా! సరిగ్గా పూత మీదున్న మొక్కలు, వారం తిరిగేలోపు తలలు వాల్చేశాయి.

మొరం పోసే రోజు నేను మిర్యాలగూడలో ధాన్యం కొనుగోళ్ల మీటింగులో ఉన్నాను. మేస్త్రీ ఫోన్ చేశాడు.

"మేడం, గీ నడుమ జాగల సిన్న దిబ్బ లెక్క లేచున్నది. ఏం జెయ్యమంటరు?"

"గదేం అడుగుతవ్? సాపు చేసి మొరం పొయ్యి" అన్నాను. అని మళ్లీ మీటింగులోకి పోయి కూచున్నాను.

మొరం అంచుల్లో పెట్టడానికి కోదాడ బయట హైవే పక్కనున్న నర్సరీలో కుండీలు కొన్నాను. అదే పువ్వుకు తోట రకాలు. అడవిది రెక్కపువ్వయితే వీటిలో ముద్దపూలు, నారింజ రంగువి, జానెడు ఎత్తు దాటని పొట్టివి ఉన్నాయి. అమ్మకు ఈ పువ్వంటే ఇష్టం గదా, మంచి జాతివి చూస్తే మురిసిపోతుందని నిజంగానే అనుకున్నాను.

పండుగనాడు చిన్నమ్మ అమ్మను కోదాడ నుంచి నేరుగా సమాధుల తోటకే తీసుకొచ్చింది. నల్లరాయి అద్దంలా మెరుస్తోంది. "ఎంత బాగా చేయించావే అమ్మాయ్! మా వైపు షావుకార్లకు కూడా ఇట్లా లేవు" అంది చిన్నమ్మ. నేను ఉబ్బిపోయి అమ్మ మొహంలోకి చూశాను. అమ్మ కొత్త కండ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అరుగు చుట్టూ ఒకసారి తిరిగింది. నాయనమ్మ సమాధి దగ్గర నిలబడి అడుగులతో కొలుస్తూ నడిచింది, ఆగింది, వెనక్కి వచ్చి మళ్లీ కొలిచింది. ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే పాత సమాధి అంచు కొత్త అరుగులో కలిసిపోయింది.

"బిడ్డా, పచ్చపూలేవి?"

"తీయించిన అమ్మా. కలుపు గదా. గివి సూడు, గదే జాతి, ఎంత పెద్ద పూలో."

అమ్మ కుండీల వైపు చూడలేదు. మొరం వైపే చూస్తూ, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది. "మరి నీ తమ్ముడేడున్నడే?"

పదో ఏట విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్‌లో మేస్త్రీ చెప్పిన దిబ్బ కూడా గుర్తొచ్చింది. అమ్మ చేతిలో వెలిగించిన కొవ్వొత్తి ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. మైనం కరిగి వేళ్ల మీద పడుతోంది. ఆ వేళ్లు చూడలేక, మొరంలో ఒకచోట వేలు పెట్టి, "గిదేనమ్మా, గీడనే" అన్నాను.

"నీకెరుకనా?"

"ఎరుక. మొరం పోసేటప్పుడు నేనున్న గదా."

అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత వంగి, నేను చూపిన చోట కొవ్వొత్తి నిలబెట్టింది. తప్పు చేసినందుకన్నా ఆ అబద్ధానికే నేను ఎక్కువ ఏడ్చాను, ఇంటికి పోయాక.

తోట రకాలు సంక్రాంతి దాకా కూడా ఆగలేదు. ముద్దపూలు గింజ కట్టవని నాకు ముందే తెలుసు. అమ్మ సీసాలో గింజలు అడగడానికి మొహం చెల్లక, పాలకీడు కాలువ గట్టు మీద నేనే ఏరుకొచ్చి, మిర్గానికి, అమ్మకు చూపిన చోటే చల్లాను. మొరంలో ఒక్కటీ నిలవలేదు. వాననీళ్లతో కొట్టుకుపోయి ప్రహరీ గోడ పొడుగునా, బాట మీదా మొలిచాయి. తమ్ముడెక్కడున్నాడో వాటినడిగితే ఏం చెబుతాయి!

పోయిన పండుగకు అమ్మ నా చేత బజారులో నాలుగు ప్యాకెట్ల కొవ్వొత్తులు కొనిపించింది. అన్నెందుకని అడిగితే సంచిలో వేసుకుని ముందు నడిచింది. సమాధుల తోటలో చెప్పులు విడిచి, మొరంలో మోకాళ్ల మీద కూచుంది. నేను చూపిన చోటు నుంచి కాదు, నాయనమ్మ అరుగు అంచు నుంచి మొదలుపెట్టి, జానెడుకొకటి చొప్పున వరసగా నిలబెడుతూ పోయింది. నేను వెనకాల వెలిగిస్తూ పోయాను. జాగా అంతా నిండింది.

"గిట్ల పెడితే ఏదో ఒకటి వాని కాడ ఉంటది గద బిడ్డా" అంది.