యాభై ఒకటీ ముప్పై నాలుగూ

లిఫ్టులు బాగుచేసే చినబాబుకి ఉన్న వింత అలవాటు ఒక్కటే, కానీ ఆ ఒక్కటే పదిమందికి సరిపోతుంది. పనిలో ఉండగా ఎవరైనా వయసు విషయంలో పొరబడ్డారా, చేతిలోని స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, సంవత్సరాలూ నెలలూ రోజులతో సహా సరిదిద్దేస్తాడు. తన వయసుతో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. పక్కనున్నవాడి వయసు కూడా చెప్తాడు. ఆ పక్కనున్నవాడు తొమ్మిదేళ్ళుగా ఒక్కడే. అతన్ని అందరూ పెద్దాయన అంటారు.

ఇక్కడే ఒక చిక్కుముడి విప్పాలి. చినబాబు చిన్నవాడు కాడు, పెద్దాయన పెద్దవాడూ కాడు. చినబాబుకి యాభై ఒకటి. నున్నటి బుగ్గలు, నల్లటి జుట్టు, ఏడు రోజులకీ ఏడు ఒకే రకం నీలం చొక్కాలు, భుజాన సంచీ. చూస్తే కాలేజీ ఎగ్గొట్టి వచ్చాడనిపిస్తుంది. పెద్దాయనకి ముప్పై నాలుగు. ఇరవై రెండో ఏట జుట్టు సెలవు పుచ్చుకుంది, పాతికకి పొట్ట వచ్చి చేరింది, ఈమధ్య మీసంలో తెలుపు కూడా తొంగిచూస్తోంది. పని నేర్పింది చినబాబు, నేర్చుకున్నది పెద్దాయన. చూసేవాళ్ళకి మాత్రం అంతా తలకిందులు.

వాళ్ళు ఏ భవనంలో అడుగుపెట్టినా జరిగేది ఇదే. ఆమధ్య ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆవిడ గుమ్మంలోకొచ్చి చినబాబుని నిలదీసింది.

"ఏమయ్యా కుర్రాడా, ఆ ఇనప పెట్టె పెద్దాయన చేత మోయిస్తున్నావా? నీకు చేతుల్లేవూ?"

"తమ్ముడూ, పెట్టె కింద పెట్టు" అన్నాడు చినబాబు.

"తమ్ముడా! పెద్దంతరం చిన్నంతరం లేదూ? తండ్రి వయసువాణ్ణి పట్టుకుని తమ్ముడంటావా?"

స్క్రూడ్రైవర్ జేబులోకి వెళ్ళింది. పెద్దాయన గుండె జారింది.

"నాకు యాభై ఒక్క సంవత్సరాల రెండు నెలల తొమ్మిది రోజులండీ. ఈ తమ్ముడికి ముప్పై నాలుగు సంవత్సరాల ఒక నెల రెండు రోజులు."

ఆవిడ నోరు తెరిచింది. "ఏమండీ, మీరోసారి ఇలా రండి" అని ఇంటాయన్ని పిలిచింది. ఆయన పక్కింటివాళ్ళని పిలిచాడు. ఈలోగా పెద్దాయన లిఫ్టు తలుపు జారే గాడిలో తల దూర్చేశాడు. గాడి అద్దంలా ఉంది, తుడవడానికి ఏమీ లేదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు. వెనకనుంచి పకపకా నవ్వులు వినిపించాయి. తొమ్మిదేళ్ళుగా అతను ఆ నవ్వుల్ని వీపుతోనే వింటున్నాడు.

ఈ మనిషికి వయసు ఎందుకు కనపడదన్నది పెద్దాయనకి తెగని సందేహం. ఒకనాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏదో మాట మీద మాట వచ్చి, "నాకు ఆటిజం ఉంది. నలభై నాలుగో ఏట డాక్టరు చెప్పారు" అన్నాడు చినబాబు, బూట్ల సైజు చెప్పినంత మామూలుగా. పెద్దాయన ఆ రాత్రే ఫోన్లో వెతికాడు. ఆటిజం ఉన్నవాళ్ళు వయసుకన్నా చిన్నగా కనిపిస్తారని ఒకచోట ఉంది. అదంతా ఉత్తదేనని ఇంకోచోట ఉంది. ఉన్న మతి కాస్తా పోయింది. తెల్లారగానే అడిగేశాడు.

"గురువుగారూ, ఆటిజం ఉంటే వయసు కనపడదట, నిజమేనా?"

చినబాబు ఆలోచించాడు. "నాకు తెలిసి ఆటిజం ఉన్నవాళ్ళం నలుగురం, నాతో కలిపి. ఇద్దరం చిన్నగా కనిపిస్తాం. ఒకాయన వయసుకి తగ్గట్టే ఉంటాడు. ఒకావిడకి నలభై, చూస్తే అరవై. నలుగురితో ఏమీ తేలదు."

"మరి నేనెందుకు ఇలా ఉన్నాను?"

"నీకు బట్టతల" అన్నాడు చినబాబు.

సందేహం తీరలేదు సరికదా ముదిరింది. వారం తిరక్కుండా ఒక ఆస్పత్రి లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక డాక్టరు గారు. చినబాబు మేడ మీద యంత్రాల గదికి పరిగెత్తాడు. తలుపు దగ్గర పెద్దాయన మిగిలాడు. తలుపు సందులోంచి డాక్టరు గారి బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదని పెద్దాయనకి తోచింది.

"డాక్టరు గారూ, ఒక్క చిన్న సందేహం. ఆటిజం ఉన్నవాళ్ళు వయసుకన్నా చిన్నగా కనిపిస్తారంటారా?"

"ముందు నన్ను బయటికి తియ్యవయ్యా!"

"అది పైన గురువుగారు చూస్తున్నారండీ. ఈలోగా ఖాళీయే కదా అని."

బూట్లు కాసేపు అటూ ఇటూ తిరిగాయి. లోపల ఖాళీ నిజమే.

"కొందరలా అంటారు" అన్నారు డాక్టరు గారు చివరికి. "గట్టిగా తేల్చినవాళ్ళని నేను చూడలేదు. ముఖం తక్కువ కదిలిస్తే గీతలు తక్కువ పడతాయని ఒక మాట. వాళ్ళ బట్టలూ మాటా ఇష్టాలూ చూసి మనమే చిన్నవాళ్ళనుకుంటామని ఇంకో మాట. ఏది నిజమో, అసలు రెండూ కాదో."

"అయితే అవునా, కాదా?"

"తెలియదు. నా మటుకు నాకు ఈ ఇరవై నిమిషాల్లో పదేళ్ళు మీదపడ్డాయి, అది మాత్రం తెలుసు."

డాక్టరు చేతులెత్తేశాక మిగిలింది చినబాబు భార్య. ఒక ఆదివారం పెద్దాయన వాళ్ళింటికి వెళ్ళి, చినబాబు లోపల గడియారం తుడుస్తుండగా గుసగుసగా అడిగాడు.

"వదినగారూ, ఆయన ముఖానికి ఏమైనా రాస్తారా?"

"నీళ్ళు రాస్తారు, పొద్దున్నొకసారి" అందావిడ. "ఆయన ముఖం సంగతి నాకు తెలియదు గానీ నా గతి చూడు. పదేళ్ళుగా కూరలమ్మే ఆవిడ నన్ను ఆయనకి అమ్మ అనుకుంటోంది. 'మీ అబ్బాయి ఎంత బుద్ధిమంతుడమ్మా, సంచీ మోస్తాడు' అంటుంది. ఎవరికి చెప్పుకోను?"

"గురువుగారు వయసు చెప్పెయ్యరూ? నెలలూ రోజులతో సహా?"

"ఆయనా? ఒక్కనాడు నోరు విప్పలేదు. వయసు మాటే ఆయనకి పట్టదు. ఎవరేమన్నా సంచీ పట్టుకుని నడిచిపోతారు."

పెద్దాయన బుర్ర గిర్రున తిరిగింది. బజారులో పట్టనిది లిఫ్టు దగ్గర ఎందుకు పడుతుంది? తనని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికేనా? ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది, కానీ వచ్చిన ఆలోచన పోలేదు.

అది పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. వాళ్ళు మూడు నెలలకోసారి వెళ్ళే ఒక పాత భవనంలో నాలుగో అంతస్తు గ్రంథాలయం. అక్కడికి కొత్తగా ఒకామె ఉద్యోగానికి వచ్చింది. కిందటిసారి వెళ్ళినప్పుడు చినబాబు మేడ మీద ఉన్నాడు కనుక గండం గడిచింది. ఆమె పెద్దాయనకి టీ ఇచ్చింది, అతను చెప్పిన జోకుకి నవ్వింది, లిఫ్టు ఎలా ఆగుతుందో అడిగి తెలుసుకుంది. అప్పుడు అతని నెత్తిన హెల్మెట్ ఉంది. ఆ రోజునుంచి పెద్దాయన మనసు మనసులో లేదు. ఈసారి ఆమెతో నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడాలి, వీలైతే బయట ఎక్కడైనా కలుద్దామా అని అడగాలి. మధ్యలో ఈ నెలలూ రోజులూ వచ్చాయంటే అంతా గోవిందా.

"గురువుగారూ, రేపు గ్రంథాలయంలో వయసు మాట ఎత్తొద్దు. నామీద ఒట్టు."

"నాదా, నీదా?"

"రెండూ."

"ఎవరైనా తప్పుగా అంటే?"

"అననివ్వండి."

చినబాబు ముఖం చిన్నబోయింది. "అప్పుడు నువ్వు టీ తాగవు" అన్నాడు. పెద్దాయనకి ఆ మాట అర్థం కాలేదు. చినబాబు మాటల్లో సగం అర్థమయ్యేసరికి ఎలాగూ వారం పడుతుంది కదా అని ఊరుకున్నాడు.

మర్నాడు హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి మరీ వెళ్ళాడు పెద్దాయన. ఆమె ఎదురొచ్చింది. వస్తూనే కుర్చీ లాగింది.

"కూర్చోండి బాబాయ్ గారూ, నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చారు. ఆయాసం తీర్చుకోండి. ఈ అబ్బాయి చూసుకుంటాడులెండి."

హెల్మెట్ పొట్టని దాచదు. పెద్దాయన కూలబడ్డాడు. చినబాబు చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగిపోయింది. పెదవులు బిగించాడు. ముఖం ఎర్రబడింది, పొంగబోయే పాల మీద మూత పెట్టినట్టు.

ఆమె టీ కప్పు ముందుపెట్టి కాస్త మొహమాటపడింది. "ఏమనుకోకండి బాబాయ్ గారూ, కిందటిసారి మీరెళ్ళాక మీ గురించే ఆలోచించాను."

పెద్దాయన ప్రాణం లేచొచ్చింది. "నా గురించా?"

"ఇంట్లో ఒక్కరే ఉంటానన్నారు కదా. మా పిన్ని కూడా ఒక్కర్తే ఉంటోంది. యాభై రెండు, మీ ఈడే. మనిషి సరదాగా ఉంటుంది, మీ జోకులకి బాగా నవ్వుతుంది. మీరు బాబాయి, ఆవిడ పిన్ని. వరస కూడా కలిసింది!"

టీ కప్పు బల్లమీదే చల్లారిపోయింది. పెద్దాయనకి భూమి చీలి తను ఇమిడేంత గాడి ఏదైనా పడితే బాగుండుననిపించింది. కానీ ఆమె ఎదురుగా ఉంది, తల దూర్చడానికి ఏ గాడీ అందుబాటులో లేదు. దిక్కుతోచక చినబాబు వైపు చూశాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ మనిషి నోటినుంచి ఆ లెక్క రావాలని ప్రాణం కొట్టుకుంది.

"గురువుగారూ, ఒట్టు తీసి గట్టుమీద పెడుతున్నాను. చెప్పండి!"

స్క్రూడ్రైవర్ జేబులోకి వెళ్ళిపోయింది. "నాకు యాభై ఒక్క సంవత్సరాల నాలుగు నెలల పదకొండు రోజులండీ!"

ఆమె చేతిలో చెంచా కింద పడింది. "మీకా?" అంది. నవ్వడం మొదలుపెట్టింది. పుస్తకాలు చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తారు, లేచొచ్చారు, చినబాబు చుట్టూ మూగారు, గుర్తింపు కార్డు చూపించమన్నారు, చూసి మళ్ళీ నవ్వారు. "ఏం తింటారండీ?" అని ఒకాయన. "మా అబ్బాయిలా ఉన్నారు!" అని ఇంకొకావిడ. చినబాబు మధ్యలో నిలబడి, జేబులో చెయ్యి పెట్టుకుని, అందరి నవ్వూ అయిపోయేదాకా ఓపిగ్గా ఆగాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నాక అప్పుడు, కాస్త గొంతు తగ్గించి, "ఈ తమ్ముడికి ముప్పై నాలుగు సంవత్సరాల మూడు నెలల నాలుగు రోజులు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఒకరిద్దరు తలాడించి తమ పుస్తకాల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆమె మాత్రం రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది.

"అయ్యయ్యో! నాకన్నా రెండేళ్ళే పెద్దా! పిన్నికి సంబంధం కూడా చెప్పానే! ఏమీ అనుకోకండి... ఈ టీ చల్లారిపోయింది, వేరేది తెస్తాను."

పెద్దాయన జీవితంలో మొదటిసారి ఆ నవ్వుల్ని వీపుతో కాక కళ్ళతో చూశాడు. అందులో తన వాటా ఏమీ లేదు. ఏదో అర్థమవుతున్నట్టూ ఉంది, కానట్టూ ఉంది. టీ వచ్చేలోగా, పని మొదలుపెట్టడానికి చినబాబు వెనకాలే మేడ మీదికి వెళ్ళాడు.

యంత్రాల గదిలో గోడకి మేకుకి వేలాడుతూ ప్రతి లిఫ్టుకీ ఒక రిజిస్టరు ఉంటుంది. తేదీ, లోపం, చేసిన మరమ్మతు, చివర 'ఇతర విషయాలు' అని సన్నటి గడి. రాసేది ఎప్పుడూ చినబాబే. పెద్దాయన సంతకం గీకడమే తప్ప చదివిన పాపాన పోలేదు. ఈరోజు ఎందుకో మొదటి పేజీలు తిప్పాడు. తొమ్మిదేళ్ళ కిందటి చివరి గడిలో గుండ్రటి అక్షరాలు.

'తమ్ముడిని పెద్దాయన అన్నారు. తమ్ముడి వయసు చెప్పాను. ఐదుగురు నవ్వారు. తమ్ముడు టీ తాగలేదు.'

మూడు నెలల తరవాత: 'తమ్ముడి వయసు ముందు, నాది తరవాత. నలుగురు నవ్వారు. తమ్ముడు సగం టీ తాగాడు.'

ఇంకో మూడు నెలలకి: 'నా వయసు ముందు. నవ్వు అయ్యేదాకా ఆగి తమ్ముడిది. అందరూ నన్ను చూసి నవ్వారు. తమ్ముణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. టీ మొత్తం తాగాడు. ఇకనుంచి ఇలాగే.'

దానికింద పై అధికారి ఎర్ర సిరాతో గద్దించి ఉన్నాడు: 'దీనికీ లిఫ్టుకీ ఏమిటి సంబంధం?' దానికింద చినబాబు జవాబు: 'టీ తాగని రోజున తమ్ముడి చెయ్యి వణుకుతుంది. బోల్టు సరిగా బిగియదు.'

పెద్దాయన ఆ పేజీలు ఇంకోసారి చదివాడు. ఆదివారం అనుకున్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంత కాలం ఈ మనిషి తనకోసం, ఆయనకే పట్టని వయసుని ఊరందరి ముందూ పెట్టి నవ్వించుకుంటున్నాడు.

"తొమ్మిదేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు గురువుగారూ?"

"నువ్వు అడగలేదు" అన్నాడు చినబాబు కలం మూత తీస్తూ. "నువ్వు ఆటిజం గురించి అడిగావు."

"ఇంతకీ అది నిజమేనా? దానివల్లేనా మీరిలా ఉన్నారు?"

"తెలియదు తమ్ముడూ. ఎందుకైనా సరే, పనికొచ్చింది కదా."

కిందినుంచి ఆమె కేక వినిపించింది. "ఏమండీ, టీ తెచ్చాను!" బాబాయ్ గారూ అనలేదు. పెద్దాయన హెల్మెట్ తీసి అక్కడే మేకుకి తగిలించి, బట్టతలతోనే గబగబా మెట్లు దిగాడు.

అరగంట గడిచినా అతను పైకి రాలేదు. చినబాబు మెట్ల మీదినుంచి తొంగిచూసి, వెనక్కి వచ్చి, రిజిస్టరు తెరిచి చివరి గడిలో పొందికగా రాశాడు.

'తమ్ముడు రెండు కప్పులు తాగాడు. మూడోది పోస్తున్నారు.'