సాయవ్వ గానుగ దారి

నిజాంసాగర్ కాలువ వంతెన దిగగానే, బోధన్ రోడ్డు పక్కన సాయవ్వ చెరుకు రసం గానుగ ఉండేది. నిలువుగా నిలబెట్టిన రెండు ఇనుప రోలర్లు, వాటిని తిప్పే పొడవాటి దూలం, పైన కమ్మల పందిరి. దూలం తిరిగిన మేర నేల గుండ్రంగా అరిగి, మడమ మునిగేంత లోతు పడింది.

పందొమ్మిది వందల అరవై రెండులో మున్సిపాలిటీ వ్యాపార లైసెన్సులకు కొత్త రుసుములు పెట్టింది. ఇంజనుతో నడిచే గానుగకైనా మిషనుకైనా ఒక రుసుము, ఎద్దుతో నడిచేదానికి ఒకటి. మూడో తరగతి లేదు. లైసెన్సులు తనిఖీ చేసే మున్సిపాలిటీ దారోగా అయ్యూబ్ సైకిలు దిగి ఆ గుండ్రటి దారి చూశాడు. సాయవ్వ కాలువలో గ్లాసులు కడుగుతోంది. ఎద్దు మేతకు పోయి ఉంటుందనుకొని, ఎద్దు గానుగ అని రాసుకొని వెళ్లిపోయాడు.

ఎద్దు గానుగ రుసుము దసరాలోగా కట్టకపోతే గానుగ జప్తు అని నోటీసు వచ్చింది. ఏడాదంతా రసం అమ్మినా తిండి పోను అంత మిగలదు. గానుగ పోతే ఆమెకు మరో బతుకుతెరువు లేదు.

సాయవ్వ ఆఫీసుకు వెళ్లి, తనకు ఎద్దు లేదని చెప్పింది. అయ్యూబ్ నమ్మలేదు.

"ఎద్దు లేకుంటే గా దారి యాడికెల్లి పడ్డదవ్వా?"

"నేను తిరిగితె పడ్డది."

గుమాస్తాలు నవ్వారు. మరి కొమ్ములేవని అడిగాడొకడు. సాయవ్వ వాడి వైపు చూడలేదు.

"వచ్చి సూడుండ్రి సాబ్. రసం గూడ తాగిపోదురు."

మర్నాడు మున్సిపల్ చైర్మన్ రామ్‌దాస్‌ను వెంటబెట్టుకొని అయ్యూబ్ వచ్చాడు. సాయవ్వ కొంగు బిగించి, రొమ్ముకు గోనెసంచి మడతపెట్టి కట్టుకుంది. రోలర్ల మధ్య చెరుకు గడ పెట్టి వచ్చి, దూలానికి రొమ్ము ఆనించింది. ముందు ఏదీ కదల్లేదు. ఆమె మెడనరాలు లేచాయి. కాలివేళ్లు మట్టిలోకి దిగాయి. అప్పుడు గానుగ కిర్రుమంది.

ఒక చుట్టు తిరగడం, ఆగి గడ పెట్టడం, మళ్లీ తిరగడం. రసం సన్నగా కుండలోకి దిగుతోంది. భర్త ఎర్రన్న పోయిన ఏడే గాలికుంటు రోగంతో ఎద్దు చచ్చిందని, అప్పటి నుంచి ఇదే పని అని తిరుగుతూనే చెప్పింది.

అయ్యూబ్ దారిలోకి వంగి చూశాడు. ఒక్క గిట్ట గుర్తు లేదు. అన్నీ మనిషి పాదాలే. ఆ లోతంతా అరికాళ్లు తవ్వినదే. అతను చెప్పులు విడిచి, దూలం అందుకొని తోశాడు. సగం చుట్టుకే ఊపిరాడక ఆగిపోయాడు.

"ఎద్దుకు గూడ మొదలు గిట్లనే అయితది బిడ్డా," అంది సాయవ్వ.

ఎవరూ నవ్వలేదు. రామ్‌దాస్ రసం గ్లాసు చేతిలో పట్టుకొని, తాగడం మరిచిపోయి నిలబడ్డాడు.

మున్సిపాలిటీ తర్వాతి సమావేశంలో మనిషి బలంతో నడిచే పనులకు మూడో తరగతి పెట్టి, నామమాత్రపు రుసుము రాశారు. దాంతో గోలీసోడా మిషను తిప్పే సిరాజ్‌కు, దూది ఏకేవాళ్లకు, కత్తులు సానబట్టేవాళ్లకు కూడా భారం తగ్గింది. వాళ్లలో చాలామంది సాయవ్వ ముఖం ఎరగరు.

ఏడేళ్ల తర్వాత ఒక పొద్దున సాయవ్వ మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఎప్పటిలా లైసెన్సు తిరగరాయించుకోవడానికేమో అనుకున్నాడు అయ్యూబ్.

"ఎద్దును కొన్న సాబ్. నన్ను ఎద్దులోళ్లల్ల రాయి."

రుసుము పెరుగుతుందని అయ్యూబ్ మెల్లగా చెప్పాడు. ఎవరూ అడగలేదు కదా, ఈ ఏడు గడవనిమ్మన్నాడు.

"దారిల గిట్టలు పడుతున్నయి," అంది ఆమె. "నువ్వు సూసి రాసెటోనివే గద."

ఆ సాయంత్రం అయ్యూబ్ వంతెన దగ్గర సైకిలు దిగాడు. దారి నిండా గిట్టల గుర్తులు పడి ఉన్నాయి. వాటి వెలుపలి అంచున, గిట్టల పక్కపక్కనే, చుట్టూరా సాయవ్వ పాదాల గుర్తులు ఉన్నాయి.