బుట్ట కింద బావగారు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఓడిపోవడంలో ఒక క్రమశిక్షణ ఉండేది. ఏటా జోనల్ పోటీలకి వెళ్ళేవాళ్ళం, మొదటి మ్యాచ్‌లోనే ఓడేవాళ్ళం, మధ్యాహ్నం బస్సుకి అమలాపురం వచ్చేసేవాళ్ళం. ఆవేళ మా అమ్మ నాకూ కలిపే ఎసరు పెట్టేసేది. నా మీద అంత నమ్మకం ఇంకెవరికీ ఉండేది కాదు.

ఇది తొంభైల చివరి మాట. పెద్ద తుపాను వెళ్ళిపోయి కొబ్బరి చెట్లు మళ్ళీ తల ఎత్తుకుంటున్న రోజులు. ఆ తుపానుకి మా కోర్టులో ఒక బోర్డు ఎగిరిపోయి పక్క చేలో పడితే, ఆ రైతు దాన్ని పంటబోదె మీద వంతెనగా వేసుకున్నాడు. తిరిగి అడగడానికి మా ఆటల మాస్టారు పీడీ గారు స్వయంగా వెళ్ళేరు. "బాగా ఉపయోగపడుతోందండీ, చల్లగా ఉండాలి మీరు" అని ఆ రైతు దణ్ణం పెట్టేసరికి, ఈయన మొహమాటపడి, కొబ్బరి బొండం తాగి, ఆ వంతెన మీంచే వెనక్కి వచ్చేసేరు. తరవాత వడ్రంగి చేత మామిడి చెక్కతో ఇంకో బోర్డు చేయించేరు. వానాకాలం అది ఉబ్బేది. బంతి తగిలితే తలుపు కొట్టినట్టు చప్పుడయ్యేది, అంతే, వెనక్కి వచ్చేది కాదు.

ఆ ఏడు ప్రిన్సిపాల్ గారు మా కెప్టెన్నీ నన్నూ గదిలోకి పిలిచేరు.

"చూడండి బాబూ, సైకిళ్ళు ఎండలో మాడిపోతున్నాయి. మీ కోర్టులో షెడ్డు వేద్దామనుకుంటున్నాం. ఈసారి ఒక్క మ్యాచ్ గెలుచుకు రండి, నేనేం మాట్లాడను. గెలవలేదా, స్తంభాలు రెండూ పీకించేస్తాను. ఏమంటారు?"

"ఆయ్" అన్నాం. మా వైపు ఎవరేం చెప్పినా ముందు ఆయ్ అంటాం. అర్థం తరవాత తెలుస్తుంది.

బయటికొచ్చేక మా కెప్టెన్ కోర్టు మధ్యకి వెళ్ళి, మోకాలి మీద కూర్చుని, మట్టి చేతిలోకి తీసుకున్నాడు. "ఒరేయ్, ఈ నేల కోసం నా ఆఖరి నెత్తుటి చుక్క వరకూ..."

"ఆ పక్కన ఇందాకే మేక కూర్చుందిరా" అన్నాను.

చెయ్యి దులుపుకున్నాడు. కానీ కళ్ళలో నీళ్ళు నిజంగానే ఉన్నాయి. అది చూసి నాకు ఇంకో జోకు వెయ్యాలనిపించలేదు, దానికే నాకు భయం వేసింది. నాకూ ఆ కోర్టు కావాలి. తరగతిలో నేను చివరి బెంచీ, ఇంట్లో ఆఖరివాణ్ణి, ఊళ్ళో ఫలానా వారి అబ్బాయిని. ఆ సున్నపు గీతల మధ్య మాత్రం, బంతి ముందు నా దగ్గరికి వచ్చేకే ఇంకొకరి దగ్గరికి వెళ్ళేది. బంతి అందించేవాణ్ణి నేనే. అలాంటి చోటు నాకు ఇంకెక్కడా లేదు. దాంట్లో సైకిళ్ళు పెడతారట.

అసలు జబ్బు ఏమిటో మాకు తెలుసు. మేం బుట్ట కిందకి వెళ్ళం. వెళ్ళాలంటే ఎవరినో ఒకరిని తగలాలి. తగిలితే మావాళ్ళు ఆగి "అయ్యయ్యో, చూసుకోలేదండీ" అనేవారు. ఆ 'అండీ' పూర్తయ్యేలోగా అవతలివాళ్ళు బంతి పట్టుకెళ్ళి వేసేసి వచ్చేవారు. బోర్డు మీంచి జారిన బంతి కోసం మావాళ్ళే ఇద్దరు వెళ్తే, "నువ్వు తీసుకోరా", "పర్లేదు, నువ్వు తీసుకో" అని పెళ్ళి విందులో ఆఖరి బూరె దగ్గర ఆగినట్టు ఆగిపోయేవారు. అందుకని అందరం దూరం నుంచే విసిరేవాళ్ళం. దూరం నుంచి విసిరితే ఎవరికీ ఇబ్బంది లేదు. బుట్టకి కూడా.

"లోపల నిలబడేవాడు ఒకడు కావాలి" అన్నారు పీడీ గారు. "పొడుగ్గా, కదలకుండా."

పొడుగువాణ్ణి ఎక్కడ వెతకాలో నేను చెప్పేను. సాయంత్రం బస్టాండుకి వెళ్ళి, ఓడలరేవు బస్సు, కాట్రేనికోన బస్సు కదిలే ముందు లోపలికి చూసేవాళ్ళం. బస్సులో అందరూ నిటారుగా ఉంటారు. మెడ వంచి నిలబడ్డవాడు మనవాడు. మూడో సాయంత్రం ఓడలరేవు బస్సులో ఒకడు కనిపించేడు. మెడే కాదు, నడుం కూడా వంచేడు. చేతిలో మా కాలేజీ పుస్తకాలే ఉన్నాయి.

"తమ్ముడూ, ఒకసారి దిగు" అన్నాడు కెప్టెన్.

వాడు కంగారుగా దిగేడు. "ఆయ్. అడ్డంగా ఉన్నానా అండీ?"

అదీ వాడు మాతో అన్న మొదటి మాట. బీకాం మొదటి సంవత్సరం, వేటకి వెళ్ళే కుటుంబం. వల లాగి లాగి భుజాలు తలుపు రెక్కల్లా ఉన్నాయి. కానీ పుట్టిన దగ్గర్నుంచీ 'ఒరేయ్ కాస్త జరుగు, వెనకవాళ్ళకి కనబడటం లేదు' అని అందరూ అంటూంటే, ఎక్కడ నిలబడ్డా తప్పు చేసినట్టే నిలబడేవాడు. ఫొటోల్లో ఎప్పుడూ కూర్చోబెట్టేసేవారట.

వాడికి చోటివ్వడానికి జట్టులో ఒకణ్ణి తీసెయ్యాలి. కెప్టెన్ గుండె మీద చెయ్యి వేసుకుని "జట్టు కోసం నేనే తప్పుకుంటాను" అన్నాడు.

"నువ్వు తప్పుకుంటే బంతి ఎవరు తెస్తారురా?" అన్నాను. బంతి వాళ్ళింటిది.

చివరికి హాజరు కోసం మాత్రమే ఆడుతున్నవాడొకడు ఉంటే వాణ్ణి తీసేం. వాడు పీడీ గారి కాళ్ళకి దణ్ణం పెట్టి సినిమాకి వెళ్ళిపోయేడు.

కొత్తవాడికి బంతి పైకి విసిరితే చాలు, ఎక్కడున్నా అందుకునేవాడు. అందుకుని తిరిగి, తల మీంచి బుట్టలో దింపేసేవాడు. "లోపల పాయింట్లంటే ఇవిరా!" అని పీడీ గారు ఈల నోట్లోంచి తీసి మరీ నవ్వేరు. నెల తిరిగేసరికి మేం ఎవరినైనా గెలిచేస్తాం అనుకున్నాం. అప్పటికి వాడి ఎదురుగా ఎవరినీ నిలబెట్టలేదు మరి.

ఐ.పోలవరం కుర్రాళ్ళు కొందరు స్నేహంగా ఆడటానికి వచ్చేరు. వాళ్ళలో లావుపాటివాడొకడు మావాడి వెనక నిలబడ్డాడు. ఆట మొదలవ్వకుండానే మావాడు వెనక్కి తిరిగి, "మీదే ఊరండీ?" అన్నాడు. మా వైపు ఇది మామూలే. పక్కన నిలబడ్డవాడి ఊరు, ఇంటిపేరు, వరస తెలిసేదాకా మాకు ఊపిరాడదు. వాడి పెద్దమ్మ తోటికోడలి పుట్టింటి దగ్గర తీగ దొరికింది. డొంక లాగేరు. లావుపాటివాడు మావాడికి అన్నయ్య అయ్యేడు.

అంతే. ఆ సాయంత్రమంతా అన్నయ్య ఎటొస్తే మావాడు అటు తప్పుకున్నాడు. ఒకసారి బంతి చేతిలో ఉండగా "కానివ్వండి అన్నయ్య గారూ" అని పక్కకి జరిగేడు. చిత్తుగా ఓడేం.

"ఏరా, తొయ్యవేం? భుజం పెట్టు, నడుం పెట్టు! నీ చోటు నీది!" పీడీ గారికి గొంతు పోయింది.

"ఆయ్. పెద్దవారండీ, ఎలా తోస్తామండీ?"

"వరసలు కలపొద్దని చెప్పండి సార్" అన్నాడు కెప్టెన్, లోకం మునిగిపోయినట్టు తల పట్టుకుని.

అది కుదరదని నాకు తెలుసు. కోనసీమవాణ్ణి వరస కలపొద్దంటే చేపని ఈదొద్దన్నట్టే. నేను వేళాకోళానికే అన్నాను, ఒట్టు: "కలిపితే కలిపేడు. బావ వరస కలపమనండి."

ఎవరూ నవ్వలేదు. పీడీ గారు నా వైపు చూసేరు. నేను మావాడి వైపు తిరిగేను.

"మీ అక్క పెళ్ళయిందా?"

"ఆయ్, పోయినేడేనండీ."

"వసంతాలాడేరా?"

"ఆడకుండా ఎలాగండీ?" అప్పుడే వాడి మొహం వెలిగింది.

"బావగారిని ఏం చేసేవు?"

"ఎత్తి కాలవలో పడేసేనండీ. మళ్ళీ లేస్తే మళ్ళీ పడేసేనండీ."

"పెద్దవారు కదా, తప్పు కాదూ?"

"బావగారు కదండీ!" అన్నాడు వాడు, ఈమాత్రం తెలీదా అన్నట్టు.

ఆ సాయంత్రం నుంచీ ప్రాక్టీసులో వాడి వెనక ఎవరు నిలబడ్డా బావే. కెప్టెన్ బావ. నేను బావ. ఒకసారి ఎదురుగా నిలబడి చూపించబోయి పీడీ గారు కూడా బావ అయ్యేరు, ఆ తరవాత వారం రోజులు నడుం పట్టీ వేసుకుని ఈల ఊదేరు. "బాగుంది, ఇలాగే ఉండాలి" అన్నారు మూలుగుతూ.

పోటీలు కొత్తపేట దగ్గర జరిగేయి. మొదటి మ్యాచ్ రాజోలు వైపు కాలేజీతో. బుట్ట కింద నిలబడే వాళ్ళ సెంటర్‌కి మీసాలున్నాయి, మా జట్టందరికీ కలిపినా అన్ని లేవు. మావాడు వెళ్ళి అతని ముందు నిలబడ్డాడు. మెల్లిగా వెనక్కి తిరిగేడు. బెంచీ మీద పీడీ గారు కళ్ళు మూసుకున్నారు.

"మీదే ఊరండీ?"

అతను చెప్పేడు. మావాడు ఒక్క క్షణం ఆలోచించేడు. ఆ క్షణంలో నాకు సైకిళ్ళ గంటలు వినిపించేయి.

"అయితే మీరు నాకు బావగారవుతారండీ" అన్నాడు మావాడు, నడుం వెనక్కి పెట్టి.

నేను బంతి పైకి విసిరేను. వాడు అందుకున్నాడు, తిరిగేడు, దింపేడు. మీసాలాయన గీత అవతల కూర్చుని ఉన్నాడు. "దెబ్బ తగిలిందా బావగారూ?" అని చెయ్యిచ్చి లేపి, మళ్ళీ వచ్చి నడుం పెట్టేడు.

"ఏంటండీ ఇది, బావా బావా అంటూ తోసేస్తున్నాడు!" అని మీసాలాయన రిఫరీకి మొరపెట్టుకున్నాడు.

"చెయ్యి వాడితే ఫౌల్ ఇస్తానండీ. వరస సంగతి మీరూ మీరూ చూసుకోండి" అన్నాడు రిఫరీ. ఆయనా ఇటువైపాయనే.

మావాడికి నాలుగు ఫౌల్స్ పడ్డాయి. ఇంకొకటి పడితే బయటికే. కెప్టెన్ వచ్చి "ఇక కాస్త తగ్గు" అన్నాడు. నేను వద్దన్నాను. తగ్గడం మాకు పుట్టుకతో వచ్చు, దానికి ప్రాక్టీసు అక్కర్లేదు. ఇంతలో మీసాలాయనకీ ఊపు వచ్చింది. బావ అన్నాక ఆయన మాత్రం ఎంతసేపని ఊరుకుంటాడు? "ఏం బావా, చెప్పు బావా!" అంటూ తిరిగి తోయడం మొదలెట్టేడు. ఆటలో ఆఖరి క్షణాలు, మేం ఒక్క పాయింటు వెనక. మీసాలాయన బంతి సంగతి మరిచిపోయి, మావాణ్ణి రెండు చేతులా ఎత్తబోయేడు. దగ్గర్లో కాలవ ఉంటే పడేసేవాడే. ఈల మోగింది. అది ఆయనకి అయిదో ఫౌల్.

"వెళ్ళొస్తా బావా" అన్నాడు ఆయన వెళ్తూ.

"భోజనం చేసి వెళ్ళండి బావగారూ" అన్నాడు మావాడు.

మావాడికి రెండు ఫ్రీ త్రోలు. మొదటిది బోర్డుకే తగల్లేదు. రెండోది రింగుకి కొట్టుకుని పైకి లేచింది. కింద అవతలివాళ్ళు ముగ్గురు ఎగబడ్డారు. ఆ ముగ్గురితో వరస కలిపే వ్యవధి వాడికి లేదు. వావీ వరసా లేకుండానే మధ్యలోంచి వెళ్ళి, అందుకుని, దింపేసేడు.

గెలిచేం. కెప్టెన్ నేల మీద పడి ఏడ్చేడు. బంతి చంకలో పెట్టుకుని నేను కూడా ఏడ్చేను, కాకపోతే నిలబడి.

మధ్యాహ్నం రెండో మ్యాచ్ ఘోరంగా ఓడేం. అది మాకు అలవాటున్న పనే కాబట్టి తొందరగా అయిపోయింది.

ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని పిలిచి అభినందించేరు. "ఒక్కటి గెలిచేరు, సంతోషం. ఒక్కటి ఓడేరు. అందుకని ఒక స్తంభం ఉంచుతాను, ఒకటి తీయించేస్తాను. న్యాయమే కదా?"

ఈసారి ఎవరూ ఆయ్ అనలేదు. మా చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన కూడా కాసేపు దానికోసం ఎదురుచూసేరు.

బయట కెప్టెన్ నిరాహార దీక్ష అన్నాడు. "పొద్దున్న మీ ఇంట్లో పనసపొట్టు కూర అన్నావు కదరా" అని గుర్తు చేసేను. దీక్ష రేపటికి వాయిదా పడింది. తరవాత ఎవరూ ఎత్తలేదు.

ఉబ్బే మామిడి బోర్డున్న స్తంభాన్ని మాకు వదిలేసేరు. రెండోది పీకి, అక్కడ తాటాకు షెడ్డు వేసి, సైకిళ్ళు బారుగా పెట్టించేరు. మర్నాడు సాయంత్రం మేం అయిదుగురం సగం కోర్టులో ఆడేం. ఆ మర్నాడూ ఆడేం. బుట్ట కిందకి వెళ్ళడానికి రెండు బుట్టలక్కర్లేదు. రింగుకి తగిలిన బంతి వెళ్ళి సైకిళ్ళ మీద పడేది, ఒకటి పడితే వరసంతా పడేది. మేం లేపేవాళ్ళం కాదు. వారానికో వరస వెనక్కి జరిగింది. షెడ్డు నీడ ఖాళీగా ఉండేది, సైకిళ్ళు దాని వెనక ఎండలో ఉండేవి.

చివరికి షెడ్డులో మిగిలింది ఆఫీసు గుమస్తా గారి సైకిలొక్కటే. ఒక సాయంత్రం ఆయన వంకర పోయిన మడ్‌గార్డు పట్టుకుని కోర్టులోకి వచ్చేసేరు.

"ఏం అబ్బాయ్, కళ్ళు కనబడటం లేదా? ఇది సైకిళ్ళ స్టాండు!"

బుట్ట కింద మావాడు నిటారుగా నిలబడి ఉన్నాడు. అంత నిటారుగా వాణ్ణి నేను అప్పుడే చూడటం. అంగుళం కూడా పక్కకి జరగలేదు.

"ఆయ్. మీరే అడ్డంగా ఉన్నారండీ" అన్నాడు. "కాస్త జరుగుతారా, బావగారూ?"